ఒకే బీటు మీద ఇద్దరు పాడితే కాపీ అంటారా?

ప్రశ్న (బెళ్లందూరు నుంచి అనంతపురం అబ్బాయి):
నిన్న రాత్రి కోరమంగళలో ఫ్రెండ్ పుట్టినరోజు. జమైకా గాయకుడు షాన్ పాల్ 'గెట్ బిజీ' అయిపోగానే అక్కడి మరో గాయకుడు వేన్ వండర్ 'నో లెటింగ్ గో' వచ్చింది. అవే చప్పట్లు, అదే బీటు. గొంతు మారేదాకా పాట మారిందని నాకు తెలియలేదు. ఒకరిది ఒకరు కొట్టేశారని మా రూమ్మేట్ అంటాడు. నాకెందుకో ఆ మాట ఒప్పుకోబుద్ధి కావట్లేదు. అసలు ముందు చేసిందెవరు?

జవాబు 1:
లుమిడీ 'నెవర్ లీవ్ యూ' కూడా వినండి. అందులోనూ అవే చప్పట్లు! మూడూ 2003లో అమెరికా చార్టుల్లోకి వెళ్లాయి, 'గెట్ బిజీ' అయితే ఏకంగా మొదటి స్థానానికి.

జవాబు 2 (కీబోర్డ్ అన్న, కె.ఆర్. పురం):
తమ్ముడూ, ఎవరూ కొట్టెయ్యలేదు. జమైకాలో ఆ వాద్యాల ట్రాక్‌ని రిడిమ్ అంటారు. ఒకాయన రిడిమ్ కడతాడు, దాని మీద ఎవరి మాటలు వాళ్లు, ఎవరి వరస వాళ్లు పాడుకుంటారు. నువ్వు విన్నదాని పేరు 'దీవాలీ'. అవును, మన పండగ పేరే. కట్టింది స్టీవెన్ 'లెంకీ' మార్స్‌డెన్. షాన్ పాల్ పాటకూ వేన్ వండర్ పాటకూ ఆయనే నిర్మాత. న్యూయార్క్ అమ్మాయి లుమిడీ పాట క్రెడిట్లలోనూ ఆయన పేరుంది.

అక్కడ డాన్సుల్లో ఒకే రిడిమ్ మీద పాటలన్నీ వరసగా వేస్తారు, దాన్ని జగ్లింగ్ అంటారు. రికార్డులు వేసేవాణ్ని సెలెక్టర్ అంటారు. డీజే అంటే వాళ్లకి మైకు పట్టి మాటలు దంచేవాడు.

నేను ప్రతి ఆదివారం తెలుగు చర్చిలో కీబోర్డ్ వాయిస్తాను. అందుకే నాకు స్లెంగ్ టెంగ్ అనే ఇంకో రిడిమ్ కథంటే ప్రాణం. 1981లో క్యాసియో ఎమ్‌టీ-40 అనే చిన్న కీబోర్డ్ వచ్చింది. అందులో 'రాక్' అనే రెడీమేడ్ రిథమ్ ఉంది. అది పెడితే వచ్చే బేస్ వరస తయారుచేసింది ఒకుదా హిరోకో, కంపెనీలో అప్పుడే చేరిన అమ్మాయి. జమైకాలో నోయెల్ డేవీ అనే వాద్యకారుడి దగ్గరున్న ఆ కీబోర్డ్ మీద గాయకుడు వేన్ స్మిత్ స్లెంగ్ టెంగ్ పాట కట్టుకున్నాడు. నిర్మాత కింగ్ జామీ ఆ బీటుని నెమ్మది చేసి రికార్డు చేశాడు, 1985లో బయటికి తెచ్చాడు. జమైకా సంగీతం పెద్ద ఎత్తున డిజిటల్ వాద్యాల వైపు తిరిగింది ఆ పాటతోనే. ఆ తర్వాత దాని మీద పాడినవాళ్లకి లెక్కలేదు. ఆదివారం నా కీబోర్డ్‌లో రిథమ్ బటన్ నొక్కినప్పుడల్లా ఆ ఒకుదా గుర్తొస్తుంది.

ప్రశ్న వేసిన అబ్బాయి:
అన్నా, మరి బీటు ఒకటే అయితే పాటలో గొప్పేముంది? మావాడు అడిగేది అదే.

కీబోర్డ్ అన్న:
మా ఊళ్లో కోలాటం వరస ఒకటే ఉండేది, రామాయణమైనా దాని మీదే, ఊరి కబురైనా దాని మీదే. జనం ఆగి వినేది పాడేవాడి మాట కోసం. ఇదీ అంతే. హెడ్‌ఫోన్ పెట్టుకుని చప్పట్ల మధ్య ఖాళీని పట్టుకో. షాన్ పాల్ ఆ ఖాళీలో మాటలు కుక్కేస్తాడు, ఊపిరి తీసుకునే సందు కూడా ఇవ్వడు. వేన్ వండర్ ఒక్క మాటని సాగదీసి మూడు చప్పట్ల మీదుగా తీసుకెళ్తాడు. మీవాణ్ని పక్కన కూర్చోబెట్టి రెండూ వెంటవెంటనే వినిపించు.

ప్రశ్న వేసిన అబ్బాయి:
ఇప్పుడే ఇద్దరం చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాం. వేన్ వండర్ మొదలవగానే వాడు మాట్లాడటం ఆపేశాడు. ఇప్పుడు స్లెంగ్ టెంగ్ వెతుకుతున్నాడు.