అప్‌డేట్: తెలుగు లేబుళ్లు, టెక్స్ట్‌బాక్సులు ఒకే వరసలోకి వచ్చాయి

శ్రీకాకుళంలోని రైస్‌మిల్లు తూకం ఫారం (విండోస్ ప్రోగ్రాముల తెరలు తయారుచేసే విన్‌ఫార్మ్స్‌లో చేసినది) గురించి అడిగాను కదా, విండోస్‌లో డిస్‌ప్లే స్కేలింగ్ 125% పెడితే లేబుళ్లు బాక్సులకు పైకి జరిగి, "బస్తాల సంఖ్య"లో య-ఒత్తు తెగిపోతోందని. సమస్య తీరింది. సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు.

ఒత్తు తెగడానికి కారణం ఎత్తు. కోడ్‌లో సృష్టించిన లేబుల్‌కి ఆటోసైజ్ (లోపలి అక్షరాలకు తగ్గట్టు సైజు దానంతటదే మారే సెట్టింగ్) ఫాల్స్‌గా ఉంటుంది, ఎత్తు 23 పిక్సెళ్ల దగ్గరే ఆగుతుంది. డిజైనర్‌లో లాగి పెట్టినవాటికి ట్రూ ఉంటుంది, అందుకే కొన్ని మాత్రమే తెగేవి. అన్నిటికీ ట్రూ చేసి, ఫాంట్ నిర్మలా యూఐ 10 పాయింట్లు పెట్టాను.

వరస కోసం లొకేషన్ (స్థానం) అంకెలు పూర్తిగా తీసేసి, అన్నిటినీ గడుల్లో పేర్చే టేబుల్‌లేఅవుట్‌ప్యానెల్ వాడాను: మొదటి కాలమ్ ఆటోసైజ్, రెండోది 100 పర్సెంట్, అడ్డ వరసలు (రో) అన్నీ ఆటోసైజ్. అసలు కిటుకు యాంకర్‌లో (గడిలో ఏ అంచులకు అంటిపెట్టుకోవాలో చెప్పే సెట్టింగ్) ఉంది. లేబుల్‌కి టాప్ తీసేసి లెఫ్ట్ ఒక్కటే ఉంచితే, అది గడి ఎత్తులో మధ్యకు వచ్చి కూర్చుంటుంది. టెక్స్ట్‌బాక్స్‌కి లెఫ్ట్, రైట్ రెండూ.

"తేమ శాతం మినహాయించాక నికర తూకం" లాంటి పొడవాటి లేబుల్ కాలమ్ మొత్తాన్ని సాగదీస్తుంది. దానికి మాగ్జిమమ్‌సైజ్ వెడల్పు 160, ఎత్తు 0 (అంటే పరిమితి లేదు) ఇస్తే రెండు లైన్లవుతుంది. పదం కుదించడం కంటే ఇదే మేలు, కాటా దగ్గర కూర్చునేవాళ్లకు పూర్తి మాట కనబడాలి.