ఎంఎక్స్-5కి కొత్త టైర్లు: 195 ఉంచాలా, 205కి వెళ్లాలా?

వంపుదారి:
మాజ్దా ఎంఎక్స్-5, రెండో తరం, 1.8 ఇంజిన్. రిమ్ములు 15 అంగుళాలు, వెడల్పు 6. ఉన్న టైర్లు 195/50 ఆర్15 82వి (వెడల్పు 195 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 50 శాతం, రిమ్ము 15 అంగుళాలు). వెనక రెండూ లోపలి అంచున 2 మి.మీ.కి అరిగాయి, ముందువి ఇంకా 4 మి.మీ. ఉన్నాయి. పక్కన తేదీ కోడ్ 2217. బండి తిరిగేది ఎక్కువగా మామూలు రోడ్ల మీదే, వానలో కూడా. ఎప్పుడైనా ట్రాక్ డే (రేస్ ట్రాక్ మీద సొంత బండి నడిపే రోజు). వెనక రెండే మారిస్తే సరిపోతుందా? 205/50 వేస్తే గ్రిప్ పెరుగుతుందా?

రబ్బరుబుర్ర:
నాలుగూ మార్చండి. 2217 అంటే 2017లో 22వ వారం తయారీ. ట్రెడ్ (నేలకి ఆనే గాడుల భాగం) మిగిలినా ఆ రబ్బరు గట్టిపడి ఉంటుంది, తడి రోడ్డు మీద ఆ తేడా బయటపడుతుంది. ఇంత తేలికైన, వెనక చక్రాలతో నడిచే బండికి ముందొక మోడల్, వెనకొక మోడల్ వేస్తే మలుపుల్లో బ్యాలెన్స్ చెడుతుంది. తప్పనిసరై రెండే కొంటే కొత్తవి వెనకే వేయాలి. వానలో వెనక జారితే బండి గిర్రున తిరుగుతుంది, అప్పుడు సరిదిద్దుకోవడానికి సమయం దొరకదు.

టైర్లకన్నా ముందు ఆ లోపలి అంచు సంగతి తేల్చండి. క్యాంబర్ (చక్రం నిలువుగా కాక పక్కకి వాలి ఉండటం) ఒక్కటే అంత త్వరగా తినదు. దానికి టో (పైనుంచి చూస్తే చక్రం ముందుభాగం తిరిగిన దిశ) కూడా బయటికి తిరిగి ఉంటేనే లోపలి అంచు కరిగిపోతుంది. ట్రెడ్ మీద అడ్డంగా అరచేత్తో ఇటొకసారి, అటొకసారి నిమరండి. ఒకవైపు నున్నగా, తిరుగువైపు రంపంలా తగిలితే టో తప్పినట్టే. వెనక సస్పెన్షన్ బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు) చూడకుండా అలైన్‌మెంట్ చేయిస్తే కుదరదు. బుష్ వదులైతే యంత్రం మీద పచ్చగా కనిపించిన అంకె రోడ్డెక్కగానే మారిపోతుంది.

అంకెలమనిషి:
205 గురించి. 195/50 ఆర్15 మొత్తం వ్యాసం 576 మి.మీ., 205/50 ఆర్15ది 586. అంటే 1.7 శాతం పెద్దది. స్పీడోమీటర్ ఆ మేరకు ఇప్పటికన్నా తక్కువ చూపిస్తుంది, అదే గేరులో ఇంజిన్‌కి లాగడమూ అంతే బరువవుతుంది. ఇది భరించదగ్గదే. అసలు చిక్కు రిమ్ముతో. 6 అంగుళాల రిమ్ముకి 205 ఎక్కుతుంది, కానీ సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) బయటికి ఉబ్బి స్టీరింగ్ తిప్పిన క్షణాన స్పందన మొద్దుబారుతుంది. 6.5 లేదా 7 ఉంటే 205 హాయిగా కూర్చుంటుంది.

వెడల్పు పెంచితే నేలకి ఆనే చోటు అదే లెక్కన పెరగదు. దాన్ని చాలావరకు బరువు, గాలి ఒత్తిడే నిర్ణయిస్తాయి, వెడల్పు దాని ఆకారాన్ని మారుస్తుంది. టన్ను పైచిలుకు బండికి వెడల్పు టైరు నిలిచిన నీటి మీద తొందరగా తేలుతుంది కూడా. సైజు చివర ఉన్న 82 అంటే టైరు మోయగల బరువు 475 కిలోలు, నాలుగింటికి 1900. కాబట్టి ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసేలా గట్టిగా చేసిన టైరు) అవసరం లేదు. ఇంత తేలిక బండికి ఆ బిగుసు సైడ్‌వాల్ గుంతల్లో ఎగరడానికే పనికొస్తుంది.

ట్రాక్‌పిచ్చి:
పైన చెప్పింది ఒప్పుకుంటూనే ఒక మాట: ట్రెడ్‌వేర్ (అరుగుదల అంకె, తక్కువైతే త్వరగా అరుగుతుంది) 200 రకం జిగట టైర్లు 205/50 ఆర్15లో దొరికినన్ని 195లో దొరకవు. ట్రాకే ముఖ్యమైతే 7 అంగుళాల రిమ్ములు, 205 అన్నది సరైన జత.

అంకెలమనిషి:
వంపుదారి గారు వానలో కూడా తిరుగుతానంటున్నారు. 200 రకం వేడెక్కితేనే పట్టేది. చల్లటి తడి రోడ్డు మీద అది చెక్కబల్ల. 280 నుంచి 340 మధ్య సమ్మర్ టైరు ఈ వాడకానికి చాలు. అయితే ఆ అంకె తయారీదారే ఇచ్చుకునేది, రెండు కంపెనీల 300లు ఒకటి కావు. తడి గ్రిప్ గ్రేడ్ వేరేగా చూడండి. చలి 7 డిగ్రీల కిందకి దిగే చోటైతే సమ్మర్ టైరు మాటే వద్దు.

వంపుదారి:
సరే, 195 సమ్మర్ టైర్లే, నాలుగూ. బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

రబ్బరుబుర్ర:
నాలుగింటి తేదీ కోడ్‌లు దగ్గరగా ఉన్నాయో లేదో బిగించకముందే చూడండి. అసిమెట్రిక్ (లోపలి, బయటి వైపు గాడులు వేరుగా ఉండే రకం) అయితే ‘అవుట్‌సైడ్’ అన్న వైపు నాలుగింటికీ బయటికే ఉండాలి. కొత్త రబ్బరు వాల్వ్‌లు అడగండి. టైరు మీద పసుపు చుక్క (తేలికైన చోటికి గుర్తు) ఉంటే దాన్ని వాల్వ్ పక్కకి తిప్పి ఎక్కిస్తే బ్యాలెన్స్ బరువులు తక్కువ పడతాయి.

నట్లు గన్‌తో చివరిదాకా బిగించనివ్వకండి. ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో, 88 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య. కొంత దూరం తిరిగాక మళ్లీ ఒకసారి. రిమ్ములు కంపెనీవి కాకపోతే 54.1 మి.మీ. హబ్ రింగులు (రిమ్ము నడిమి రంధ్రానికీ హబ్‌కీ మధ్య సందు పూడ్చేవి) ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఎంత బ్యాలెన్స్ చేసినా వేగంలో స్టీరింగ్ వణకొచ్చు.

గాలి దగ్గర చాలామంది తప్పుతారు. ఈ బండికి చల్లగా 26 పీఎస్‌ఐ. అలవాటు కొద్దీ 33 కొట్టేస్తారు. అప్పుడు నడుమ అరుగుతుంది, వెనక గెంతుతుంది. ట్రాక్ మీద వేడికి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి వేడిగా ఉన్నప్పుడు కొలిచి కొంచెం వదలండి, ఇంటికి బయల్దేరేముందు, చల్లారాక, మళ్లీ 26కి కొట్టించుకోండి. కొత్త టైర్ల పైపొర పోయేదాకా, మొదటి రెండు మూడొందల కిలోమీటర్లు, తడిలో గట్టిగా బ్రేక్ వేయకండి.