మొదటి ఇల్లు: స్టేషన్ పక్కన ఇరుకుగానా, దూరంగా విశాలంగానా?

ఇద్దరం ఒకే రైలు లైన్‌లో ఆఫీసులకు వెళ్తాం. ఒకే ధరకు రెండు ఇళ్లు చూశాం. మొదటిది స్టేషన్‌కు నడిచి 6 నిమిషాలు, కానీ రెండే గదులు. రెండోది మూడు స్టేషన్ల అవతల. ఒక గది ఎక్కువ, కానీ స్టేషన్ నుంచి బస్సులో 15 నిమిషాలు.

రెండు చోట్లా ఉదయం 8 గంటల రైలెక్కి చూశాం. దూరపు స్టేషన్‌లో సీటు దొరికింది, దగ్గర స్టేషన్‌లో కాలు పెట్టే సందు లేదు. సాయంత్రం మాత్రం బస్సు కోసం 25 నిమిషాలు నిలబడ్డాం. రాత్రి 11కి మొదటి ఇంట్లో ఉండగా గూడ్సు బండి వెళ్లింది, కిటికీ అద్దాలు గలగలమన్నాయి. ఈఎంఐ, పాసు ఖర్చులు కూడితే తేడా పెద్దగా లేదు, అదే అసలు టెన్షన్.

ఇలాంటి ఇంట్లో ఐదేళ్లు ఉన్నవాళ్లు చెప్పండి: ఇరుకు, రైలు చప్పుడు అలవాటయ్యాయా, లేక రోజూ బస్సెక్కడమే నయమనిపించిందా?