"జన్షిన్ లేదు, కి తెగిపోయింది" అంటున్నారు మా కెండో గురువు (సెన్సేయి). ఏం చేయాలి?

ఎడమపాదం:

నేను ఉద్యోగరీత్యా జపాన్‌లోని సైతామాలో ఉంటున్నాను. ఎనిమిది నెలలుగా వారానికి రెండు సాయంత్రాలు కెండో, అంటే జపనీయుల కత్తిసాము, నేర్చుకుంటున్నాను. రెండు నెలల కిందటే బోగు (రక్షణ కవచం) వేసుకోనిచ్చారు. అప్పటి నుంచి మా సెన్సేయి నాతో అంటున్నవి రెండే మాటలు. ఒకటి "జన్షిన్ లేదు". రెండోది "కి తెగిపోయింది".

మెన్, అంటే తల మీద దెబ్బ, కొడతాను. దెబ్బ సరిగ్గానే పడిందని నాకే తెలుస్తుంది, చప్పుడు బాగా వస్తుంది. పక్కన నిలబడ్డవాళ్లు కూడా బాగుందంటారు. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపి మళ్లీ మొదటి నుంచి చేయిస్తారు. నా జపనీస్ అంతంత మాత్రం. ఎందుకని అడిగితే మాటల్లో చెప్పరు, వెదురు కత్తి షినాయ్‌తోనే చెబుతారు. నేను కొట్టి, ఆయన పక్క నుంచి దాటి వెళ్లి, వెనక్కి తిరిగేసరికి నా కోతే (ముంజేయి) మీద దెబ్బ పడి ఉంటుంది. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. పరుగెత్తరు. అయినా నేను తిరిగే చోట ప్రతిసారీ ఆయన ముందే ఉంటారు.

నెట్‌లో వెతికితే 'కి' అంటే విశ్వశక్తి అని ఒకరు, ప్రాణశక్తి అని ఒకరు, అంతా ఉత్తిదేనని ఇంకొకరు. జన్షిన్ అంటే ధ్యానమని కొందరు రాశారు, కొట్టాక నిలబడే తీరు అని కొందరు రాశారు. నిలబడే తీరే అయితే నేను నిలబడుతూనే ఉన్నాను కదా! ఈ విద్య అంటే నాకు చాలా ఇష్టం. అందుకే ప్రతి క్లాసు ముందూ టెన్షన్‌గా ఉంటోంది. ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

---

పాత షినాయ్:

ఎడమపాదం గారూ, టోక్యోలో పద్నాలుగేళ్లుగా కెండో చేస్తున్నాను. ఇప్పుడు నాలుగో దాన్ (స్థాయి). మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. జవాబు మీరు రాసినదాంట్లోనే ఉందనిపించింది.

"చప్పుడు బాగా వస్తుంది" అన్నారు. "పక్కన నిలబడ్డవాళ్లు బాగుందంటారు" అన్నారు. అంటే దెబ్బ పడగానే మీ చెవి ఆ చప్పుడు దగ్గర ఆగింది, తర్వాత పక్కవాళ్ల మాట దగ్గరకు వెళ్లింది. ఎదురుగా ఉన్న మనిషి దగ్గర ఎవరూ లేరు. మీ సెన్సేయి ఆ ఖాళీలోకి నడిచి వస్తున్నారు. ఆయన పరుగెత్తనక్కర్లేదు. దాన్నే 'సుకి' అంటారు, సందు అని అర్థం.

జన్ అంటే మిగలడం, షిన్ అంటే మనసు. దీనికి తెలుగులో నాకు దొరికిన దగ్గరి మాట 'ఏమరకపోవడం'. 'ఏమరుపాటు' అనే మాట మనకు ఉండటం మన అదృష్టం, ఎందుకంటే జన్షిన్ ఏమిటో చెప్పడం కష్టం గానీ ఏమరుపాటు ఏమిటో అందరికీ తెలుసు. పని అయిపోయిందనుకున్న క్షణంలోనే అది వస్తుంది. పని జరుగుతున్నప్పుడు ఎవరూ ఏమరరు.

కెండో నియమాల్లో ఇది అలంకారంగా పెట్టింది కాదు. దెబ్బ ఇప్పోన్ (చెల్లే పాయింటు) కావాలంటే నిండైన ఉత్సాహం, సరైన భంగిమ ఉండాలి. షినాయ్‌లో కొట్టాల్సిన భాగం, కొట్టాల్సిన చోట, కత్తి అంచు దిశ తప్పకుండా తగలాలి. వీటితో పాటు జన్షిన్ ఉండాలి. ఆ చివరిది లేకపోతే ముందువన్నీ ఎంత బాగున్నా లెక్కలోకి రావు. ఇచ్చిన పాయింటును కూడా వెనక్కి తీసుకోవచ్చు.

అది నాకు జరిగింది. రెండో దాన్‌లో ఉన్నప్పుడు ఒక చిన్న పోటీలో మెన్ కొట్టాను. తీర్పు చెప్పే ముగ్గురు షిమ్పాన్‌ల జెండాలూ ఒక్కసారే లేచాయి. నా జీవితంలో అంత శుభ్రమైన మెన్ అంతకుముందు కొట్టలేదు. తిరుగుతూ తిరుగుతూ ఎడమ పిడికిలి గట్టిగా బిగించి పైకెత్తాను. అర సెకను కూడా ఉండదు. ప్రధాన షిమ్పాన్ 'గోగి' అని ముగ్గుర్నీ మధ్యకు పిలిచారు, మాట్లాడుకున్నారు, పాయింటు రద్దయింది. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. అన్యాయమనిపించి కాదు. నేను పిడికిలి ఎత్తినప్పుడు ఎదుటి అబ్బాయి ఇంకా చూదాన్ భంగిమ‌లోనే, షినాయ్ కొన నా గొంతు వైపు పెట్టి నిలబడి ఉన్నాడు. దెబ్బ తిన్నవాడిలో జన్షిన్ ఉంది, కొట్టినవాడిలో లేదు. ఇన్నేళ్లయినా అతని నిలకడ నాకు కళ్లకు కట్టినట్టుంటుంది.

ఇక 'కి' సంగతి. విశ్వశక్తి దాకా వెళ్లకముందు జపనీయులు ఆ మాటను రోజూ ఎలా వాడతారో వినండి. ధ్యాస చెదిరితే 'కి గా చిరు', కి చెల్లాచెదురైంది అంటారు. పనిలో పట్టు సడలితే 'కి ఓ నుకు', కి తీసేశాడు. త్వరగా కోపమొచ్చే మనిషికి 'కి' పొట్టిది. జాగ్రత్త అని చెప్పాలంటే 'కి ఓ త్సుకెతే', కి తగిలించి ఉంచు. మీ ఆఫీసులో ఇవన్నీ రోజూ వినబడుతూనే ఉంటాయి, అప్పుడెవరూ విశ్వశక్తి గురించి మాట్లాడటం లేదు. మనం 'ప్రాణం' అనే మాటను వాడేదీ అలాగే కదా. ప్రాణం లేచొచ్చింది అంటాం, ప్రాణం ఉసూరుమంది అంటాం, ప్రాణం పెట్టి చేశాడు అంటాం. అందులో ఊపిరి, మనసు, ఒంట్లో సత్తువ మూడూ కలిసి ఉంటాయి, విడదీసి చెప్పమంటే చెప్పలేం. 'కి' కూడా అంతే. నా మటుకు నాకు అది నమ్మకానికి సంబంధించిన విషయం కాదు. ఎక్కడ తెగిందో చూసేవాళ్లకు తెలిసిపోతుంది, అందుకే మీ సెన్సేయి "కి లేదు" అనకుండా "తెగిపోయింది" అంటున్నారు. ఉంది కాబట్టే తెగింది. ఎనిమిది నెలలకే ఆ మాట వినడం మంచి విషయమే.

చేసి చూడాల్సింది ఒకటే చెబుతాను. మెన్ అని అరిచేటప్పుడు ఊపిరి మొత్తం ఖాళీ చేయకండి. కొంచెం పొత్తికడుపులో, బొడ్డు కింద తాందెన్ దగ్గర ఉంచుకోండి. అంతా వదిలేస్తే దాటి వెళ్లగానే గట్టిగా పీల్చుకోవాల్సి వస్తుంది. పీల్చే క్షణంలో మనిషి కదల్లేడు, పాత గురువులు కొట్టేది సరిగ్గా అప్పుడే. ఊపిరి మిగిలితే మనసు మిగలడం కాస్త తేలికవుతుంది. తిరిగేటప్పుడు షినాయ్‌ని కిందికి వేలాడదీసి ఆ తర్వాత పైకెత్తకండి. మీరు తిరగడం పూర్తయ్యేసరికి కొన ఎదుటివారి గొంతు మీద ఉండాలి.

---

యుమి:

నాది క్యూడో, అంటే జపనీయుల విలువిద్య. మా దగ్గర జన్షిన్ ఇంకా బాగా కనబడుతుంది, ఎందుకంటే బాణం వేయడంలోని ఎనిమిది దశల్లో అది ఎనిమిదోది. పాదాలు పెట్టడంతో మొదలై ఏడో దశలో, అంటే హనారేలో, బాణం వెళ్లిపోతుంది. చూసేవాళ్లకు అక్కడితో అయిపోయినట్టే. మాకు ఇంకొకటి మిగిలి ఉంటుంది. చేతులు రెండు వైపులా చాచి, చూపు లక్ష్యం మీద ఉంచి అలాగే ఉండాలి. మా దగ్గర ఆ మాటను రెండు రకాలుగా రాస్తారు, ఒకటి 'మిగిలిన మనసు', రెండోది 'మిగిలిన దేహం'. పలకడం ఒకటే. వేసిన బాణం మొత్తానికి తుది లెక్క ఇదే అంటారు.

మొదట్లో చాలా నెలలు నాతో మకివార మీదే వేయించారు. రెండు మీటర్ల దూరంలో గడ్డితో బిగించి కట్టిన మోపు అది. అంత దగ్గర నుంచి తగలకపోవడమనేది ఉండదు కాబట్టి తగిలిందా లేదా అన్న ఆలోచనే రాదు. అప్పుడు నా జన్షిన్ బాగుండేది. తర్వాత అసలు లక్ష్యం ముందు నిలబెట్టారు. 28 మీటర్ల దూరం, 36 సెంటీమీటర్ల వృత్తం. మొదటి రోజే నా మెడ ముందుకు సాగింది, ఎడమ చేయి దిగిపోయింది, తగిలిందేమో చూడాలన్న ఆత్రంతో. సెన్సేయి దగ్గరకు వచ్చి నా ఎడమ మణికట్టు పట్టుకుని బాణం వదిలినప్పుడు ఉన్న ఎత్తుకు మళ్లీ లేపి, అలాగే చాలాసేపు ఉంచారు. ఆమె చేయి చల్లగా ఉంది, జనవరి నెల. "తగిలితే చప్పుడు వస్తుంది, చూడనక్కర్లేదు" అన్నారు.

చేయి దిగిపోయేది హనారే తర్వాత అనుకునేదాన్ని. వీడియో తీసి చూస్తే బాణం తీగను వదలకముందే భుజం సడలడం మొదలైంది. తర్వాత ఏం చూడాలా అని మనసు ముందే వెళ్లిపోయిందన్నమాట. కాబట్టి ఎడమపాదం గారూ, మీ జన్షిన్ పోతున్నది తిరిగేటప్పుడు కాకపోవచ్చు. ఇంకా ముందు, కొట్టే కాలు లేచేటప్పుడే చూసుకోండి.

---

హకామా:

ఐకిడో అనే జపనీయుల యుద్ధవిద్య చేసేవాణ్ని కాబట్టి 'కి' గురించి ఒక మాట. ఆ విద్యను స్థాపించిన మొరిహే ఉయెషిబా (1883–1969) శిష్యుల్లో కోయిచి తోహే ఉండేవారు. 'కి'ని అందరికీ అర్థమయ్యేలా నేర్పాలని 1971లో ఒక సంఘం పెట్టారు, 1974లో ఐకిడో ప్రధాన సంస్థ ఐకికాయ్ నుంచి బయటికి వచ్చేశారు. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది 'వంగని చేయి'. పిడికిలి బిగించి గట్టిగా నిలిపితే ఎదుటివాడు మోచేయి వంచేస్తాడు. వేళ్లు చాచి, చేతిలోంచి నీళ్లు దూరంగా పారుతున్నట్టు ఊహించుకుంటే వంచలేడు. బిగించినప్పుడు చేతిని వంచే కండరం కూడా బిగుసుకుని వంచేవాడికే సాయపడుతుంది, ఊహ ఆ బిగువును తీసేస్తుంది. కారణం తెలిసిందని నాకు ఆ పాఠం విలువ తగ్గలేదు. "ట్రైసెప్స్ వాడు, బైసెప్స్ వదిలేయి" అంటే నా ఒళ్లు వినలేదు, "కి పోనివ్వు" అంటే విన్నది.

తాకకుండా మనుషుల్ని పడేసే వీడియోలను మాత్రం పట్టించుకోకండి. పడేవాళ్లు ఆ గురువుగారి శిష్యులే.

---

ఎడమపాదం:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న క్లాసుకు వెళ్లొచ్చాను. యుమి గారు చెప్పినట్టు కాలు లేచేటప్పుడు గమనించాను. నిజంగానే అప్పటికే నేను సెన్సేయి ముఖం చూస్తున్నాను, నచ్చిందా లేదా అని. ఆయన నాకు ఎదురుగా ఉన్న ప్రత్యర్థి అన్న సంగతే మరచిపోతున్నాను. పది మెన్‌లలో తొమ్మిదిసార్లు కోతే మీద దెబ్బ పడింది. ఒక్కసారి మాత్రం తిరిగేసరికి నా షినాయ్ కొన ఆయన గొంతు మీద ఉంది. ఆయన ఆగారు. ఏమీ అనలేదు, తల కూడా ఊపలేదు.

ఒక సందేహం మిగిలింది. మనసు ఎదుటివారి మీదే నిలపాలని ప్రయత్నిస్తే నేను బిగుసుకుపోతున్నాను. వాళ్ల షినాయ్‌నే చూస్తూ ఉండిపోతున్నాను. ఇది కూడా తప్పేనా?

---

పాత షినాయ్:

తప్పే, కానీ అందరూ దాటే తప్పు. పదిహేడో శతాబ్దంలో తకువాన్ అనే జెన్ సన్యాసి, జపాన్ పాలకుడైన షోగన్‌కు కత్తి నేర్పిన యాగ్యూ మునెనోరికి రాసిందంతా ఈ విషయమే. మనసును ఎదుటివాడి కత్తి మీద పెడితే కత్తి దాన్ని పట్టేసుకుంటుంది, ఎదుటివాడి మీద పెడితే వాడు పట్టేసుకుంటాడు అంటాడు. మనసు మిగలడం వేరు, తగులుకోవడం వేరు. చూపుకు కెండోలో ఒక పాత సూత్రం ఉంది: దూరపు కొండను చూసినట్టు చూడు. కళ్లు ఎదుటివారి ముఖం వైపే ఉంటాయి, కానీ పాదాల నుంచి షినాయ్ కొన దాకా మొత్తం ఒకేసారి కనబడాలి.

దీనికి నాకు పనికొచ్చింది కాతా, అంటే ఇద్దరు ముందే నిర్ణయించిన కదలికలతో చేసే సాధన. మీకు బొకుతో (చెక్క కత్తి) ఇచ్చే ఉంటారు. కెండో కాతాలు పది, పొడవు కత్తితో ఏడు, పొట్టి కత్తితో మూడు. మొదటిదాంట్లో షిదాచి (చివరికి గెలిచే వైపు ఉన్నవాడు) కొట్టాక ఏం చేస్తాడో నెమ్మదిగా చేసి చూడండి. ఎదుటివారు ఒక అడుగు వెనక్కి తగ్గుతుంటే కత్తి కొన వారి ముఖం మధ్యకు దింపుతాడు. వారు ఇంకో అడుగు తగ్గితే ఎడమ పాదం ముందుకు వేసి కత్తిని తల పైకెత్తుతాడు. జన్షిన్ అదే. అక్కడ మిమ్మల్ని కదిలించేది ఎదుటివారి అడుగే, మీ సొంత నిర్ణయం కాదు. వారు అర అంగుళం ఆగితే మీరూ అర అంగుళం ఆగాలి. బిగుసుకుపోతే అది కుదరదు, ధ్యాస తప్పినా కుదరదు.

షినాయ్ వేగంలో ఇది మీకు ఇప్పుడే పట్టుబడదు. మీ సెన్సేయిని ఉచిదాచిగా, అంటే ముందు దాడి చేసే వైపు, నిలబడమని అడగండి. కొత్తవాళ్లు కాతా అడిగితే చాలామంది పెద్దలు ఎంతో సంతోషిస్తారు.