సైకిలు దారుల కోసం స్థానిక పాలకులను ఎలా అడగాలి, ముందుగా ఏమి అడగాలి?

రెండుచక్రాలు (ప్రశ్న):

నమస్కారం. రోజూ సైకిలు మీద బడికీ పనికీ వెళ్లేవాళ్లం కొందరం కలిసి, పట్టణంలో భద్రమైన సైకిలు దారులు వేయించాలని పాలక సంస్థను చాలాకాలంగా కోరుతున్నాం. వినతిపత్రాలు ఇచ్చాం, సంతకాలు సేకరించాం, ర్యాలీ కూడా తీశాం. చివరికి ప్రధాన రహదారి అంచున ఒక తెల్లగీత గీసి, అక్కడక్కడ సైకిలు బొమ్మ వేశారు. ఆ గీత లోపల ఇప్పుడు కార్లు ఆగి ఉంటున్నాయి. పైగా అన్నిటికన్నా భయపడవలసిన చోటు కూడలి కాగా, సరిగ్గా అక్కడికి వచ్చేసరికి గీత మాయమవుతుంది. మళ్లీ వెళ్లి అడిగితే, ‘వేసిన దారినే ఎవరూ వాడడం లేదు, ఇంకొకటి ఎందుకు’ అంటున్నారు.

ఈ మాటకు ఏమని జవాబు చెప్పాలి? ఇకపై పట్టణమంతటికీ ప్రణాళిక అడగాలా, ఒక్క రోడ్డు మీదనే పట్టుబట్టాలా? వ్యతిరేకత తక్కువగా ఉంటుంది కాబట్టి ముందు కాలువ గట్టు వెంట బాట అడుగుదామని మాలో కొందరు అంటున్నారు. ఇటువంటి పనిలో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

పక్కబాట (జవాబు):

మీకు ఎదురైన వాదన దాదాపు ప్రతిచోటా వినిపించేదే. వంతెన లేని నదిని ఈదుకుంటూ దాటేవాళ్లను లెక్కపెట్టి, ఇక్కడ వంతెన అక్కరలేదని తేల్చడం ఎటువంటిదో, ప్రమాదకరమైన రోడ్డు మీద సైకిళ్లను లెక్కపెట్టి దారి అక్కరలేదనడం అటువంటిది. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో సైకిలు వ్యవహారాల సమన్వయకర్తగా పనిచేసిన రోజర్ గెల్లర్, ఈ విషయంలో ప్రజలను నాలుగు వర్గాలుగా చూశాడు. ఎటువంటి రోడ్డు మీదనైనా తొక్కేవాళ్లు చాలా కొద్దిమంది. గీత గీస్తే చాలనుకునేవాళ్లు మరికొందరు. ఏం చేసినా తొక్కనివాళ్లు ఒక వర్గం. ఇక తొక్కాలని ఉన్నా వాహనాలకు భయపడి మానుకునేవాళ్లే అందరికన్నా ఎక్కువమంది, ఆయన అంచనాలో దాదాపు 60 శాతం. మీ పట్టణంలో గీసిన తెల్లగీత ఈ చివరి వర్గానికి ఏ భరోసా ఇవ్వలేదు కాబట్టి వాళ్లు బయటికి రాలేదు. ‘ఎవరూ వాడడం లేదు’ అన్న మాటను కాదనకండి, అది ఎందుకు నిజమయిందో చూపించండి.

దీనికి నాకు తెలిసిన గట్టి ఉదాహరణ స్పెయిన్‌లోని సెవిల్ నగరం. సైకిలు తొక్కేవాళ్లు అతి తక్కువగా ఉన్న ఆ నగరంలో 2006, 2007 ప్రాంతంలో సుమారు 80 కిలోమీటర్ల దారులను, వాహనాల నుంచి వేరుచేసి, ఒకదానితో ఒకటి కలిసేటట్లు, ఒక్కసారిగా నిర్మించారు. కొన్నేళ్లలోనే సైకిలు ప్రయాణాలు అనేక రెట్లు పెరిగాయి. అక్కడ పని చేసింది కిలోమీటర్ల సంఖ్య ఒక్కటే కాదు. బయలుదేరిన చోటి నుంచి చేరవలసిన చోటి దాకా దారి తెగకుండా ఉండడం. నెదర్లాండ్స్‌లోనూ ఇదే అనుభవం. 1970 దశకంలో ద హేగ్, టిల్‌బర్గ్ నగరాల్లో ఒక్కొక్క నమూనా మార్గాన్ని మంచి నాణ్యతతో వేసి చూశారు. ఆ మార్గాల మీద సైకిళ్లు పెరిగాయి గాని, నగరమంతటా అలవాటు అంతగా మారలేదు. దాంతో తరువాతి ప్రయోగంలో డెల్ఫ్ట్ పట్టణమంతటా వలలా అల్లుకున్న దారులకు ప్రాధాన్యం ఇచ్చారు.

అయితే చిన్న సంఘం ఒకటి వెళ్లి పట్టణమంతటికీ ఒకేసారి వల అడిగితే, ‘అధ్యయనం చేయిస్తాం’ అన్న జవాబు దగ్గర విషయం ఆగిపోతుంది. అందువల్ల వల పటాన్ని మీరే గీసి దగ్గర ఉంచుకోండి, కాని అడగడం మాత్రం అందులోని ఒక్క మార్గాన్ని అడగండి. దాని రెండు కొసలకూ పేరు ఉండాలి: ఈ నివాస ప్రాంతం నుంచి ఈ బడి దాకా, మధ్యలో ఉన్న ప్రతి కూడలితో సహా. ‘సైకిలు సౌకర్యాలు మెరుగుపరచాలి’ అన్న వాక్యానికి తెల్లగీత కూడా సమాధానమే అవుతుంది. రెండు కొసలూ, కూడలులూ రాసిన కోరికకు కాదు.

ఇంకొక మాట. సైకిలు తొక్కేవాళ్ల కోరికగా ముందుకు వెళ్తే మీరు ఒక చిన్న వర్గంగానే కనిపిస్తారు. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా చనిపోయారు, వారిలో 400 మందికి పైగా పిల్లలు. ఆ మరుసటి ఏడాది మొదలైన ‘స్టాప్ డె కిండర్‌మోర్డ్’, అంటే ‘పిల్లల హత్యలు ఆపండి’ అన్న ఉద్యమం, తల్లిదండ్రులను వీధుల్లోకి తెచ్చింది. వాళ్లు అడిగింది పిల్లల ప్రాణాలకు రక్షణ. సైకిలు దారులు, నెమ్మదైన వీధులు అందులో భాగంగా వచ్చాయి. మీ ప్రతినిధి బృందంలో బడి పిల్లల తల్లులు, వృద్ధులు, చక్రాల కుర్చీ వాడేవారు ఉంటే, వినేవారి ధోరణి మారుతుంది.

కొలతబద్ద (జవాబు):

పక్కబాట గారు చెప్పిన దానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. రోడ్ల పనులను దగ్గరగా చూసినవాడిగా, ఎప్పుడు అడగాలన్న సంగతి చెప్తాను, ఎందుకంటే చాలా సంఘాలు నష్టపోయేది అక్కడే. రోడ్డుకు మళ్లీ తారు వేసేటప్పుడు పాత గీతలన్నీ ఎలాగూ పోతాయి, కొత్తవి ఎలాగూ గీయాలి. ఆ సమయంలో రోడ్డు వెడల్పును వేరే విధంగా పంచుకోవడానికి అయ్యే అదనపు ఖర్చు తక్కువ. తారు వేసి పోయిన తరువాత అదే పని అడిగితే, కొత్త రోడ్డును చెడగొట్టమన్నట్టు ఉంటుంది. కాబట్టి రాబోయే సంవత్సరాల్లో ఏయే రోడ్లకు తారు వేస్తారో, ఎక్కడ పైపులైన్ల కోసం తవ్వుతారో ఆ జాబితా ముందుగా సంపాదించి, మీ వల పటం మీద పరిచి చూడండి. రెండూ ఎక్కడ కలుస్తాయో అక్కడ మొదలుపెట్టండి. బడ్జెట్ ఆమోదం పొందాక ఇచ్చిన వినతిపత్రానికి మర్యాదే దక్కుతుంది, డబ్బు దక్కదు.

ఇంజినీర్లతో మాట్లాడేటప్పుడు కొలతలు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి. కదులుతున్న సైక్లిస్టుకు కొద్దిపాటి ఊగిసలాటతో కలిపి మీటరు వెడల్పు అవసరం. అందుచేత ఒకే దిశలో సాగే దారికి రెండు మీటర్లు ఉంటే, ఒకరిని ఒకరు దాటిపోవచ్చు. రెండు దిశలకూ ఒకే దారి అయితే మూడు మీటర్లకు తగ్గితే ఇబ్బంది. నిలిపి ఉన్న కార్ల పక్కనుంచి దారి పోతే, తలుపు తెరుచుకునే మేర ఖాళీ వదలాలి. హఠాత్తుగా తెరుచుకున్న తలుపుకు గుద్దుకుని పడినవాళ్లు వెనుక వచ్చే వాహనం కింద పడే ప్రమాదం ఉంది. వర్షపు నీటి జాలీల కమ్ములు ప్రయాణ దిశకు అడ్డంగా ఉండాలి, నిలువుగా ఉంటే చక్రం ఇరుక్కుంటుంది. ఈ చివరిది చిన్న విషయంగా తోస్తుంది గాని, సులభంగా సరిదిద్దగలిగినది కాబట్టి మొదటి విజయంగా బాగుంటుంది.

కూడలి సంగతి మీరు సరిగ్గానే పట్టుకున్నారు. పట్టణ రోడ్ల మీద సైకిళ్లూ మోటారు వాహనాలూ ఢీకొనే ఘటనలు పెద్ద భాగం కూడళ్లలోనే, వాహనం మలుపు తిరిగేటప్పుడు జరుగుతాయి. అక్కడ రోడ్డు మూల అంచును ముందుకు తెచ్చి మలుపును ఇరుకు చేస్తే డ్రైవరు నెమ్మదించక తప్పదు. సైకిలు దారిని వాహనాల వరస నుంచి కొంచెం పక్కకు జరిపితే, మలుపు తిరిగిన డ్రైవరుకు సైక్లిస్టు కిటికీ ఎదురుగా కనిపిస్తాడు. ప్రతి వీధికీ వేరే దారి అవసరం లేదన్నది కూడా గుర్తుంచుకోండి. లోపలి వీధుల్లో వేగాన్ని గంటకు 30 కిలోమీటర్లకు తగ్గించి, అడ్డదారిగా వాడుకునే వాహనాలను ఆపితే చాలు. 50 కిలోమీటర్ల వేగంలో వాహనానికి ఉండే గతిశక్తి 30 కిలోమీటర్ల దగ్గర ఉండేదానికి దాదాపు 2.8 రెట్లు, తగిలినప్పుడు ఆ తేడాను మోసేది శరీరమే.

నడకదారి (జవాబు):

నేను సైకిలు తొక్కను, కాలువ గట్టు వంటి బాట మీద రోజూ నడుస్తాను. ఆ బాటను సైకిళ్లకు ఇమ్మని అడగబోతున్నవారికి ఒక విన్నపం. వ్యతిరేకత తక్కువన్న కారణంతో దాన్ని మొదట ఎంచుకోకండి. నడిచేవారు ఎక్కువగా ఉండే ఇరుకైన బాట మీద సైకిళ్లను కలిపితే, రోడ్డు మీద కారుకూ సైకిలుకూ మధ్య ఉన్న భయమే ఇక్కడ సైకిలుకూ మనిషికీ మధ్య వస్తుంది. చూపు లేనివారికీ, వినికిడి తగ్గిన వృద్ధులకూ వెనుకనుంచి నిశ్శబ్దంగా వచ్చే చక్రం నిజమైన ఆపద. వెడల్పు ఉంటే రెండు బాటలుగా విడదీసి, మధ్యలో కాలికి తెలిసే అంచు పెట్టండి. లేకపోతే నడిచేవారికే వదిలేయండి.

గట్టు బాట సెలవు రోజు షికారుకు బాగుంటుంది గాని, దానికి చుట్టుపక్కల వీధుల నుంచి చేరుకునే దారులు, చీకటి పడ్డాక దీపాలు, మనుషుల కంటబడే పరిసరాలు లేకపోతే, ముఖ్యంగా ఆడవాళ్లు, పనికి వెళ్లి వచ్చేందుకు దాన్ని నమ్ముకోలేరు. బైకులు రాకుండా అడ్డంగా పెట్టే ఇనుప గేట్ల గురించి కూడా ఆలోచించండి. అవి చక్రాల కుర్చీనీ, పిల్లల బండినీ, మూడు చక్రాల సైకిలునూ కూడా ఆపేస్తాయి. మీటరున్నర ఎడంతో నిలిపిన కడ్డీలు వీరందరికీ దారి ఇస్తాయి.

రెండుచక్రాలు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నడకదారి గారి మాట మా సమావేశంలో తప్పకుండా పెడతాను. గట్టు బాటను ఇప్పటికి పక్కన పెట్టి బడి మార్గాన్నే తీసుకోవాలని నాకు అనిపిస్తున్నది. అయితే ఆ మార్గంలో వ్యాపారులు ఉన్నారు. దారి వేస్తే తమ దుకాణాల ముందు పార్కింగ్ పోతుందని వారు ఇప్పటికే గట్టిగా అంటున్నారు. వారి బాధ నాకు కల్పితంగా తోచడం లేదు.

కొలతబద్ద:

కల్పితం కాదు, కాబట్టి దాన్ని కొట్టిపారేయకండి. ముందుగా రెండు విషయాలు తెలుసుకోండి. ఆ పార్కింగ్ స్థలాలు వేర్వేరు వేళల్లో ఎన్ని నిండి ఉంటున్నాయి, అక్కడ ఆగే కార్లలో ఎన్ని కొనుగోలుదారులవి, ఎన్ని రోజంతా కదలనివి. కొనడానికి వచ్చినవారు ఎలా వచ్చారో దుకాణం గుమ్మం దగ్గర, యజమాని అనుమతితోనే, అడిగి రాసుకోండి. ఏ ఫలితం వచ్చినా దాచకుండా వారికే మొదట చూపించండి. సరుకు దించే బండ్లకు చోటు తప్పనిసరిగా ఉంచాలి. అది మీ ప్రతిపాదనలోనే ఉంటే సగం కోపం చల్లారుతుంది. ఒక కారు ఆగే చోట, తలకిందుల యు ఆకారపు స్టాండ్లు నాటితే ఎనిమిది నుంచి పది సైకిళ్లు నిలుస్తాయి. ముందు చక్రాన్ని మాత్రమే పట్టుకునే స్టాండ్లు వద్దు. అవి చక్రాన్ని వంచుతాయి, ఫ్రేముకు తాళం వేయనివ్వవు.

పక్కబాట:

దీనికి ఒకటి చేర్చాలి. శాశ్వత నిర్మాణానికి వారు ఒప్పుకోకపోతే, తాత్కాలిక సామగ్రితో కొన్ని నెలల ప్రయోగం అడగండి. 2020లో పారిస్ నగరం కోవిడ్ కాలంలో ఇటువంటి తాత్కాలిక దారులను వేగంగా వేసింది, తరువాత వాటిలో అనేకం శాశ్వతమయ్యాయి. అయితే ప్రయోగం మొదలయ్యే ముందే దేన్ని కొలుస్తారో, ఎవరు కొలుస్తారో, ఏ ఫలితం వస్తే దారి ఉంటుందో, ఏది వస్తే తీసేస్తారో కాగితం మీద రాయించి, వ్యాపారుల సంఘంతోనూ సంతకం పెట్టించండి. మొదటి వారాల్లో అయోమయం ఉంటుంది కాబట్టి ఆ వారాల లెక్కలను తుది నిర్ణయానికి తీసుకోకూడదని అందులోనే ఉండాలి. లెక్కించేటప్పుడు మొత్తం సైకిళ్ల సంఖ్యతో పాటు పిల్లలు ఎందరు, ఆడవాళ్లు ఎందరు అన్నది విడిగా రాయండి. భయపడి మానుకున్నవారు తిరిగి వచ్చారో లేదో ఆ రెండు వరుసల్లోనే ముందుగా తెలుస్తుంది.