మొలతాడు కింద తామర: ట్యూబ్ రాస్తే తగ్గుతోంది, మానితే మళ్లీ వస్తోంది

కర్రీపాయింట్_రాజమండ్రి

నాకు 41 ఏళ్లు. రాజమండ్రిలో చిన్న కర్రీ పాయింట్. పొద్దున ఐదింటికి పొయ్యి వెలిగిస్తే మధ్యాహ్నం రెండింటి దాకా దాని ముందే. పైన రేకులు, కింద మూడు బర్నర్లు. బనీను పిండితే నీళ్లు కారతాయి.

పోయిన ఏప్రిల్‌లో మొలతాడు కింద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ వచ్చింది. అంచు ఉబ్బెత్తుగా, పొలుసులుగా, మధ్యలో మాత్రం మామూలు చర్మంలానే ఉంది. చెమటకాయలనుకుని పౌడర్ చల్లాను. మా సందు చివర మెడికల్ షాపులో చెబితే చూడకుండానే ఒక ట్యూబ్ ఇచ్చాడు (చూపించమన్నా చూపించేవాణ్ణి కాదు లెండి, చోటు అలాంటిది). రెండు రోజుల్లో దురద పోయింది. ఆ కుర్రాడికి ఫ్రీగా గుత్తి వంకాయ కూడా ఇచ్చాను.

వారం మానితే మళ్లీ వచ్చింది. మళ్లీ రాశాను. పది నెలలుగా ఇదే తంతు. ఇప్పుడు గజ్జల్లోకి, తొడల మీదకి పాకింది. మొదట్లోలా గుండ్రంగా కూడా లేదు, వలయంలో ఇంకో వలయం పుడుతోంది. గజ్జల్లో చర్మం పలచబడి, కాన్పయిన ఆడవాళ్ల పొట్ట మీద ఉండేలాంటి చారలు పడ్డాయి. మా ఆవిడకు లంగా బొందు కట్టుకునే చోట మొదలైంది. పిల్లాడికి మెడ మీద ఒకటి.

కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉంటే ఒక చేత్తో పప్పు కట్టిస్తూ రెండో చెయ్యి బల్ల కిందకి పోతోంది. ఎవరైనా చూస్తే ఇంకెవరు కొంటారు? కుష్టేమో అని రాత్రిళ్లు టెన్షన్. ఇంతకంటే పవర్ ఉన్న ట్యూబ్ ఏదైనా ఉంటే చెప్పండి.

వేపచెట్టు_బాబాయ్

ట్యూబులన్నీ దండగ. వెల్లుల్లి మెత్తగా నూరి పట్టించి గుడ్డ కట్టు. మూడు రోజుల్లో మాడిపోతుంది.

ఖమ్మం_నర్సమ్మ

బాబాయ్ గారూ, మాడేది తామర కాదు, చర్మం. వెల్లుల్లి కట్టు కట్టి బొబ్బలెక్కి వచ్చినవాళ్లకి డ్రెస్సింగ్ చేసిన చేతులివి. గజ్జల్లో అసలే వద్దు.

తమ్ముడూ, ముందు నీ టెన్షన్ సంగతి. కుష్టు మచ్చ సాధారణంగా దురద పెట్టదు, దూదితో తాకినా స్పర్శ సరిగా తెలియదు. అలాంటిది ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చూసి మందు ఉచితంగా ఇస్తారు. నువ్వు చెప్పిన ఉబ్బెత్తు అంచు, పొలుసులు, దురద, ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పాకడం, ఇవన్నీ తామర తీరు. కానీ చూడకుండా నేనూ ఖాయం చేయను. ఇంటిల్లిపాదికీ దురదంటే గజ్జి కూడా అనుమానించాలి. అదైతే వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర చిన్న చిన్న పొక్కులు, రాత్రి పడుకున్నాక విపరీతమైన దురద. దానికి మందు వేరు.

ఇప్పుడు ఆ ట్యూబ్ డబ్బా తీసి చిన్న అక్షరాలు చదువు. క్లోబెటసాల్ అనో, బెటామెథాసోన్ అనో ఉంటుందని నా అనుమానం. అవి స్టెరాయిడ్లు. దురద, ఎరుపు రెండు రోజుల్లో నొక్కేస్తాయి. తామరకి కారణమైన ఫంగస్ మీద శరీరం చేసే పోరాటాన్నీ నొక్కేస్తాయి. పైకి తగ్గినట్టుంటుంది, అడుగున అది హాయిగా విస్తరిస్తుంది. నువ్వు రాసిన వలయంలో వలయం, చారలు ఆ ట్యూబ్ గుర్తులే. చారలు పూర్తిగా పోవడం కష్టం, దాచిపెట్టి చెప్పను.

స్కిన్ డాక్టర్‌కి చూపించు. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఓపీ ఉంటుంది. సిగ్గుపడకు, ఆ గదిలో రోజూ చూసేవే అవి. మా ఆవిడ, పిల్లాడు తర్వాత వస్తారులే అనకు, ముగ్గురూ ఒకేసారి వెళ్లండి. షుగర్ టెస్ట్ కూడా చేయించుకో. మొండి తామరతో వచ్చినవాళ్లలో షుగర్ బయటపడ్డ కేసులు చాలా చూశాను. ఈలోపు జ్వరం వచ్చినా, చీము పట్టినా, ఎరుపు వేడిగా వాచి గంటగంటకీ పాకుతున్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లిపో.

ఇంకొకటి. ఆ మొలతాడు తీసెయ్. చెమట పీల్చుకుని రోజంతా తడిగా ఒంటికి అంటుకుని ఉంటుంది.

షట్టర్_వెనకాల

నేను పదకొండేళ్లుగా మెడికల్ షాపులో పని చేస్తున్నాను. అన్నా, మా మీద కోపం వద్దనను. "తామరకి ఏదైనా ఇవ్వు" అని రోజుకి ఎంతమందో వస్తారు. డాక్టర్ దగ్గరికి వెళ్లమంటే పక్క షాపుకి వెళ్తారు. స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబే ఎక్కువగా కదిలేది. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ ఉండాలి. చీటీ అడిగే షాపులెన్నో మీకే తెలుసు.

కర్రీపాయింట్_రాజమండ్రి

నర్సమ్మ గారూ, డబ్బా చదివాను. క్లోబెటసాల్ ఉంది. గుత్తి వంకాయ వెనక్కి అడగాలనిపించింది.

మొలతాడు సంగతి మాత్రం పెద్ద గొడవైంది. "నేను బతికుండగా ఆ మాట అనకు" అని మా అమ్మ పొద్దున్నుంచి మాట్లాడటం లేదు.

ఖమ్మం_నర్సమ్మ

అమ్మని కూడా ఓపీకి తీసుకెళ్లు. డాక్టర్ చెబితే వింటుంది. నేను చెబితే మా అమ్మ కూడా వినలేదు.

కర్రీపాయింట్_రాజమండ్రి (ఆరు వారాల తర్వాత)

తర్వాత ఏమైందని అడిగినవాళ్లందరికీ జవాబు. నలుగురం వెళ్లాం. డాక్టరమ్మ బ్లేడు అంచుతో పొలుసులు మెల్లగా గీకి గాజు పలక మీద వేయించారు. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కాసేపాగి మైక్రోస్కోప్‌లో చూశారు. నన్నూ చూడమన్నారు. బూజు పట్టిన ఇడ్లీ పిండిలో దారాల్లా సన్నటి పోగులు. తామరే.

ట్యూబ్ ఆపించారు. మొదటి వారం దురద రెట్టింపవుతుంది, భయపడి మళ్లీ రాయొద్దని ముందే చెప్పారు. నిజంగానే అయింది. నాలుగో రాత్రి పాత ట్యూబ్ ఎక్కడుందా అని వెతికాను, మా ఆవిడ అప్పటికే చెత్తబండిలో వేసేసింది. ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మాత్రలు, ఒక పూతమందు రాశారు. మచ్చ మీదే కాకుండా అంచు దాటి రెండు వేళ్ల మేర రాయాలట.

మూడో వారానికి కూడా నాకు పెద్దగా తేడా లేదు, మా ఆవిడకేమో సగం తగ్గింది. మళ్లీ వెళ్తే డాక్టరమ్మ "రోజూ ఇంకేం వేసుకుంటున్నారు?" అన్నారు. పొద్దున్నే గ్యాస్ మాత్ర వేసుకోవడం నా పాత అలవాటు. అది కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తే ఈ ఫంగస్ మాత్ర ఒంటికి సరిగా పట్టదట! మొదటిసారి నేనూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. అది మార్చి, దీన్ని భోజనం తిన్న వెంటనే వేసుకోమన్నారు. అప్పట్నుంచి ఎరుపు వెనక్కి తగ్గుతోంది. మచ్చ కనిపించకపోయినా చెప్పినన్నాళ్లూ వాడాలన్నారు. షుగర్ లేదు.

తువ్వాళ్లు ఎవరివి వాళ్లవి. లోపలి బట్టలు వేడినీళ్లలో నానబెట్టి ఎండలో తిరగేసి ఆరేస్తున్నాం. జీన్స్ మానేసి వదులు కాటన్ ప్యాంటు. పదకొండింటికి ఒకసారి పొయ్యి ఆపి బనీను మారుస్తున్నాను. ఆ పది నిమిషాలు కస్టమర్లు సణుగుతున్నారు, సణగనీ.

డాక్టరమ్మ చెప్పారు కాబట్టి అమ్మ ఒప్పుకుంది. ఆ సాయంత్రం బీరువా అడుగు నుంచి ఒక మూట తీసింది, నా చంటితనంలో వేసిన వెండి మొలతాడు. "నూలు చెమట పీలుస్తుందన్నారు గానీ వెండి పీలుస్తుందనలేదుగా" అంది. నా మణికట్టుకి రెండు చుట్లు వచ్చింది. తగ్గాక నడుముకి సరిపడా చేయిస్తుందట. ఎంత వెండి పడుతుందో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.