చేతిపనివారి సహకార దుకాణం: నమోదుపై, చెల్లింపులపై సలహా కావాలి

బెంగళూరులో స్థిరపడిన మేము కొందరం తెలుగువాళ్లం, కర్ణాటకలోని చన్నపట్నం ఊరి లక్క బొమ్మల పనివారే సభ్యులుగా, లాభం వారికే చేరేలా నగరంలో ఒక సహకార దుకాణం తెరిపించాలని ప్రయత్నిస్తున్నాం. మన ఏటికొప్పాకలో లాగే అక్కడ కూడా లేత్ మీద తిరిగే కర్రకు లక్క కడ్డీని అదిమితే రాపిడి వేడికి రంగు కరిగి పట్టుకుంటుంది, ఆపైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. ఇంత ఓపికగా చేసిన వస్తువుకు, అది అమ్ముడైన ఎన్నాళ్లకో గాని డబ్బు చేతికి రాకపోవడం అన్యాయమని మా అభిప్రాయం.

1959 నాటి కర్ణాటక సహకార సంఘాల చట్టం కింద నమోదు చేయించడం మేలా, లేక ప్రభుత్వ జోక్యం తక్కువగా ఉండే 1997 నాటి సౌహార్ద సహకారి చట్టం కింద మేలా? ముందుముందు ఏటికొప్పాక పనివారిని కూడా సభ్యులుగా చేర్చుకోవాలంటే 2002 నాటి బహుళ రాష్ట్ర సహకార సంఘాల చట్టం కిందికి మారవలసి ఉంటుంది కనుక, ఆ మార్పు ఎంత కష్టమో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

అన్నిటికన్నా ముఖ్యంగా, సరుకు అందిన రోజే కొంత సొమ్ము చెల్లించాలంటే తొలి పెట్టుబడిని సభ్యుల వాటాల నుంచే సమకూర్చుకోవచ్చా, లేక బ్యాంకు రుణం తప్పదా? ఇటువంటి దుకాణం నడిపినవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.